పడమటి దేశానికి ఉత్తరపు దారి

అమెరికా ఎటువైపు ఉంది? ఈ ప్రశ్న మీ ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి. చాలామంది ఆలోచించకుండా పడమటివైపు చెయ్యి చూపిస్తారు. చిన్నప్పుడు బడిలో గోడకు వేలాడిన ప్రపంచ పటం మన కళ్లలో అలా ముద్ర పడిపోయింది. మన దేశం కుడిపక్కన, అమెరికా ఎడమ చివర. మధ్యలో అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం. అంతేగా!

మరి తిన్నగా పడమటికి పోవాల్సిన విమానానికి గ్రీన్‌లాండ్ మంచు మీద ఏం పని?

ఈ సందేహం ఇప్పుడు పెద్ద పట్నాల వాళ్లకే కాదు, మా షాద్‌నగర్ ఆడవాళ్లకూ వస్తోంది. పాలమూరు అంటే ఒకప్పుడు ముంబై బస్సెక్కే వలస కూలీలే గుర్తొచ్చేవారు. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మా ఊరు రంగారెడ్డి జిల్లాలోకి వెళ్లిందిగానీ, మా మాటలో పాలమూరు యాస అలాగే ఉంది. వలస మాత్రం తీరు మార్చుకుంది. ఇప్పుడు మా పిల్లలు చదువుకని, ఉద్యోగానికని డాలస్ వెళ్తున్నారు, చికాగో వెళ్తున్నారు. వాళ్ల వెనకే కాన్పులకని, మనవల్ని చూసుకోవడానికని తల్లులూ అత్తలూ ప్రయాణమవుతున్నారు. శంషాబాద్‌లో విమానాశ్రయం 2008 మార్చిలో మొదలయ్యాక, మా ఊళ్లో తలెత్తి విమానాన్ని చూడటం రోజువారీ సంగతైపోయింది. కానీ లోపల కూర్చుని చూస్తే ఆ అనుభవమే వేరు!

మా కాలనీలో ఒక పెద్దమ్మ కూతురి కాన్పుకని దుబాయ్ మీదుగా చికాగో వెళ్లి వచ్చింది. అంత దూరం ఒంటరిగా వెళ్లడం అదే మొదలు. సీటు ముందున్న చిన్న టీవీలో విమానం బొమ్మ కదులుతూ ఉంటుంది కదా, దాన్ని చూసి ఆమెకు గుండె జారిపోయిందట.

"ఏం జెప్పాల్నమ్మా! విమానం సక్కగ పోతలేదు. పైకి పైకి పోయి ఆ మంచు దేశం మీదికెక్కింది. పైలటు తొవ్వ తప్పిండేమో అనుకున్న. పక్క సీటు పిల్లగాడేమో మంచిగ నిద్రపోతుండు. లేపి అడుగుదామంటే మొహమాటమాయె. దిగేదాంక ఆంజనేయ దండకం సదువుకుంటనే ఉన్న" అని చెప్పింది.

పైలటు తొవ్వ తప్పలేదు. అదే అసలు తొవ్వ! ఎందుకో చూద్దాం.

దారం పెట్టి చూడండి

ఒక ఆదివారం మా ఇంట్లో నలుగురం ఆడవాళ్లం కూర్చుని చిన్న పని చేశాం. దానికి కావాల్సింది పిల్లలు చదువుకునే గ్లోబు, మూరెడు కుట్టుదారం. అంతే.

దారం ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస చికాగో మీద పెట్టి, ఎక్కడా వదులు లేకుండా బిగించి పట్టుకోవాలి. దారాన్ని మనం ఎటూ తొయ్యకూడదు. బిగిస్తే దానంతటదే అతి పొట్టి దారిలో సర్దుకుంటుంది. అలా సర్దుకున్నాక దాని కింద ఏమేం దేశాలున్నాయో చదవండి. హైదరాబాద్ నుంచి దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి బయలుదేరుతుంది. ఢిల్లీకి కాస్త పడమరగా, కశ్మీర్ మీదుగా, పామీరు పర్వతాలు దాటి కజకిస్తాన్. ఆ తర్వాత రష్యాలో ఉరల్ ప్రాంతం. అక్కణ్ణించి బేరెంట్స్ సముద్రం, స్వాల్‌బార్డ్ మంచు దీవులు, గ్రీన్‌లాండ్. చివరికి కెనడాలో బాఫిన్ దీవి, హడ్సన్ అఖాతం దాటి చికాగోలో దిగుతుంది. మధ్యలో ఒకచోట 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, అంటే ఉత్తర ధ్రువానికి సుమారు 1,200 కిలోమీటర్ల దగ్గరకు వెళ్లి వస్తుంది.

ఈ దారి పొడవు సుమారు 13,280 కిలోమీటర్లు. మరి గోడ పటం మీద స్కేలు పెట్టి హైదరాబాద్ నుంచి చికాగోకు గీత గీస్తే? అది అరేబియా, ఈజిప్టు, ఉత్తరాఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. చూడటానికి అదే తిన్నని దారి. కొలిస్తే మాత్రం సుమారు 16,100 కిలోమీటర్లు! గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఎగిరే విమానానికి మూడు గంటలకు పైగా ఎక్కువ ప్రయాణం. ఆ మూడు గంటల ఇంధనం ఖర్చు చివరికి ఎవరి టికెట్ మీద పడుతుందో వేరే చెప్పాలా?

ఇంకో వింత కూడా ఆ దారమే చూపించింది. చికాగో బదులు శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెడితే దారం నేపాల్, టిబెట్, మంగోలియా, సైబీరియా, అలాస్కా మీదుగా పోయింది. ఒకే దేశంలో ఉన్న ఇద్దరు పిల్లల దగ్గరకు వెళ్లాలంటే ఒకరి దారి ఉత్తరం నుంచి కాస్త వాయవ్యానికి, మరొకరి దారి ఈశాన్యానికి!

పటం చేసిన మాయ

గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద పరచాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. బత్తాయి తొక్క ఒలిచి బల్ల మీద చదునుగా పరచడానికి ప్రయత్నించండి. చిరగనైనా చిరుగుతుంది, సాగనైనా సాగాలి. 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడల వాళ్లకోసం ఒక పటం తయారు చేశాడు. దిక్సూచి చూపే దిక్కు మారకుండా ఓడ నడిపితే, ఆ దారి ఈ పటం మీద తిన్నని గీతగా వస్తుంది. నావికులకు అది ఎంతో సదుపాయం. కానీ ఆ సదుపాయం కోసం ధ్రువాల వైపున్న దేశాలన్నీ బాగా సాగిపోయాయి. ఆ పటంలో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. అంతెందుకు, గ్రీన్‌లాండ్ మన దేశం కంటే కూడా చిన్నదే! టీవీ తెరమీద విమానం పెద్ద విల్లులా వంగి పోతున్నట్టు కనిపించడానికి కారణం కూడా చాలావరకు ఈ సాగదీతే. వంకర ఉన్నది పటంలో, దారిలో కాదు.

గాజులు చెప్పే లెక్క

"సరే, దారం అటు పోయింది. కానీ ఎందుకు పోవాలె?" అని మా ఇంట్లో కూర్చున్న ఒకామె పట్టుబట్టింది. అప్పుడు గాజులే అక్కరకొచ్చాయి.

ఒక కాగితం మీద అంగుళం దూరంలో రెండు చుక్కలు పెట్టండి. చంటిపిల్ల గాజు ఒకటి తీసుకుని దాని అంచు రెండు చుక్కలనూ తాకేలా ఉంచి, మధ్యలో గీత గీయండి. తర్వాత మీ చేతి గాజు తీసుకుని అవే చుక్కల మధ్య ఇంకో గీత గీయండి. చిన్న గాజు గీత బాగా ఉబ్బి ఉంటుంది. పెద్ద గాజు గీత తిన్నదనానికి దగ్గరగా ఉంటుంది. ఉబ్బు తగ్గితే పొడవూ తగ్గుతుంది. అంటే వృత్తం ఎంత పెద్దదైతే, రెండు చుక్కల మధ్య దారి అంత పొట్టిదన్నమాట.

భూమి మీద గీయగలిగిన అతి పెద్ద గాజు ఏది? మా పొరుగున నల్గొండలో పండే బత్తాయిని సరిగ్గా నడిమికి కోస్తే పెద్ద చక్రం వస్తుంది. తొడిమ దగ్గర కోస్తే చిన్న బిళ్ల వస్తుంది. నడిమికి అంటే అడ్డంగానే కానక్కర్లేదు. నిలువుగా కోసినా, ఏటవాలుగా కోసినా, కత్తి పండు నట్టనడుమ గుండా పోతే చాలు, చక్రం అంతే పెద్దది. భూమిని కూడా దాని కేంద్రం గుండా కోసినట్టు ఊహించుకుంటే పైన ఏర్పడే వృత్తాన్నే మహావృత్తం అంటారు. భూమధ్యరేఖ అలాంటిదే. ఏ రెండు ఊళ్లు తీసుకున్నా వాటిని కలుపుతూ ఒక మహావృత్తం గీయవచ్చు. వాటి మధ్య అతి దగ్గరి దారి దాని మీదే ఉంటుంది.

ఇది విమానాల వాళ్లకే పరిమితమైన సంగతి కాదు. మక్కా మా ఊరికి పడమర కాబట్టి ఇక్కడి ముస్లింలు నమాజుకు అటు తిరుగుతారు. మా వీధిలో ఒక ఖాలా కోడలు చికాగోలో ఉంటుంది. "మా బహూ అక్కడ ఈశాన్యం దిక్కు నిలబడి నమాజు చేస్తదంట. మక్కా అమెరికాకు తూర్పుకు గదా అని నాకు మస్తు పరేషాన్ అయింది" అని ఖాలా నవ్వుతూ చెప్పింది. గ్లోబు మీద చికాగో నుంచి మక్కాకు దారం బిగిస్తే ఆ దారం బయలుదేరేది కూడా ఈశాన్యానికే! ఖాలా రెండుసార్లు తనే స్వయంగా బిగించి చూసుకుని "సహీ హై" అంది.

ఆ దారిలో నడిపిన ఆడపిల్లలు

2021 జనవరిలో రెండు విశేషాలు జరిగాయి. జనవరి 9న ఎయిరిండియా విమానం ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా ఎక్కడా ఆగకుండా, 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. నడిపిన వాళ్లంతా మహిళలే! కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం వహిస్తే, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనావరే, కెప్టెన్ శివానీ మన్హాస్ కాక్‌పిట్ బాధ్యతలు పంచుకున్నారు. ఆ నాలుగు పేర్లలో ఒక తెలుగు పేరు చూసి నాకెంత సంతోషం కలిగిందో!

ఆ వారంలోనే, జనవరి 15న, హైదరాబాద్, చికాగోల మధ్య ఆగకుండా వెళ్లే ఎయిరిండియా విమానం మొదలైంది. వారానికి ఒకటే. మధ్యలో దిగడం, సామాను చూసుకోవడం, తెలియని విమానాశ్రయంలో గేటు వెతుక్కోవడం ఏమీ లేవు. ఇంగ్లీషు రాని తల్లులకు అది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. కానీ ఆ సర్వీసు ఎక్కువ కాలం సాగలేదు. తర్వాత ఆగిపోయింది.

అలాగని గల్ఫ్ మీదుగా పోవడం మరీ చుట్టుదారేం కాదు. హైదరాబాద్ నుంచి దుబాయ్, అక్కణ్ణించి చికాగో లెక్క కడితే సుమారు 14,190 కిలోమీటర్లు. తిన్నని దారి కంటే 900 కిలోమీటర్లే ఎక్కువ. దుబాయ్, చికాగోల మధ్య దగ్గరి దారి ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ దక్షిణ భాగం మీదుగా పోతుంది. మా పెద్దమ్మ చూసిన మంచు అదే!

దారి ఉన్నా తలుపు ఉండాలిగా!

గ్లోబు మీద దారం పెట్టినంత సులువుగా విమానం పోలేదు. ఆకాశానికీ అడ్డంకులున్నాయి.

మొదటిది గాలి. పదీ పదకొండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు నదుల్లా పారుతుంటాయి. ఎదురుగాలి తప్పించుకోవడానికి, వెనుకగాలి అందుకోవడానికి పైలట్లు కావాలనే కాస్త పొడవు దారి పడతారు. శాన్‌ఫ్రాన్సిస్కో, బెంగళూరుల మధ్య అతి దగ్గరి దూరం సుమారు 14 వేల కిలోమీటర్లే. ఆ మహిళా పైలట్లు నడిపింది మాత్రం సుమారు 16 వేల కిలోమీటర్లని అప్పట్లో ప్రకటించారు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ప్రయాణ సమయం ఒకేలా ఉండకపోవడానికీ ఈ గాలే ముఖ్య కారణం.

రెండోది భద్రత. విమానం లోపల గాలి పీడనం తగ్గితే వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోవాలి. కింద ఆరేడు కిలోమీటర్ల ఎత్తు పర్వతాలుంటే అలా దిగడం కుదరదు. అందుకే హిమాలయాలు, పామీరుల నడుమ దారం చెప్పినట్టు పోవడం కష్టం. పైగా దారి పొడవునా అవసరమైతే దిగడానికి ఏదో ఒక విమానాశ్రయం అందుబాటులో ఉండాలి. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిరిండియా విమానం ఇంజిన్‌లో ఇబ్బంది వచ్చి రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. రెండు రోజుల తర్వాత, జూన్ 8న, వేరే విమానం వచ్చి వాళ్లను తీసుకెళ్లింది. "అమెరికా పోయేటోళ్లు రష్యాల ఎందుకు దిగిన్రు?" అని అప్పుడు ఆశ్చర్యపోయినవాళ్లకు జవాబు కూడా ఆ దారంలోనే ఉంది.

మూడోది, అన్నిటికంటే కఠినమైనది, మనుషులు వేసే తాళం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, కెనడా, యూరప్ దేశాల విమానాలకు రష్యా ఆకాశం మూసుకుపోయింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకు మూసేసింది. ఆ తర్వాత ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నాలోనో, కోపెన్‌హేగన్‌లోనో దిగాల్సివచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఎయిరిండియా తన ఢిల్లీ, వాషింగ్టన్ సర్వీసునే ఆపేసింది. చెప్పిన కారణాల్లో విమానాల కొరతతో పాటు ఈ చుట్టుదారి కూడా ఒకటి. 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలు ఆకాశం మూసేసినప్పుడు దోహా మీదుగా పోయేవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ చిక్కుకున్నారు.

యుద్ధం ఎక్కడో జరుగుతుంది, మనకేం అనుకుంటాం. కానీ దాని బరువు కాన్పుకు అందుకోవాలని బయలుదేరిన తల్లి మీదా పడుతుంది. తండ్రి ఆఖరి చూపుకోసం పరుగెత్తుకొస్తున్న కొడుకు మీదా పడుతుంది. రెండు ఊళ్ల మధ్య దూరాన్ని భూమి ఒక్కటే నిర్ణయించదు. దేశాల మధ్య స్నేహం కూడా నిర్ణయిస్తుంది.

షాద్‌నగర్‌కు ధ్రువం కొత్త కాదు

మా ఊరికి ఇంకో విశేషం ఉంది. ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి పెద్ద పెద్ద గొడుగు యాంటెన్నాలు మా షాద్‌నగర్ దగ్గరే ఉన్నాయి. పొలాలను, చెరువులను, వరదలను పైనుంచి ఫోటోలు తీసే ఉపగ్రహాలు పంపే సమాచారం అక్కడికి చేరుతుంది. ఆ ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా, సుమారు వంద నిమిషాలకు ఒక చుట్టు చొప్పున తిరుగుతాయి. బత్తాయి నడిమి కోత లెక్క వాటికీ వర్తిస్తుంది. ఉపగ్రహం తిరిగే చక్రం ఎప్పుడూ భూకేంద్రం గుండానే పోవాలి. అది అలా తిరుగుతుంటే కింద భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది కాబట్టి, ప్రతి చుట్టులోనూ కొత్త ప్రాంతం కంటపడుతుంది. ధ్రువం దగ్గర మాత్రం దాదాపు ప్రతి చుట్టులోనూ కనిపిస్తుంది. అందుకే 2013లో అంటార్కిటికాలోని మన భారతి స్థావరంలో కూడా యాంటెన్నా పెట్టారు. అక్కడ అందిన సమాచారం మళ్లీ మా షాద్‌నగర్‌కే వస్తుంది. అంటే మంచు ధ్రువానికీ మా ఎర్రమట్టి ఊరికీ ఎప్పటినుంచో చుట్టరికం ఉన్నట్టే!

బయలుదేరే ముందు

* టికెట్ కొనేటప్పుడు ధర ఒక్కటే కాక మొత్తం ప్రయాణ సమయం, మధ్యలో ఎక్కడ, ఎన్ని గంటలు ఆగాలో చూసుకోండి. ఎక్కడైనా ఆకాశం మూసేశారని వార్త వస్తే, ఆ దారిలో మీ విమానం ఉందేమో ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి.

* రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలు చేతిసంచిలోనే ఉంచుకోండి. రెండు రోజులకు ఎక్కువే పెట్టుకోండి. డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా దగ్గరుండాలి. ఒక పలుచని శాలువా కూడా పెట్టుకోండి. అనుకోని చోట దిగాల్సివస్తే పెద్ద సామాను చేతికి రాకపోవచ్చు.

* గంటల తరబడి ఒకేచోట కూర్చోకండి. మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయండి. కూర్చున్నచోటే పాదాలు పైకీ కిందికీ ఆడించండి. తరచూ నీళ్లు తాగండి.

* కూతురి ఫోన్ నంబరు, ఇంటి చిరునామా ఫోన్‌లో ఉన్నా సరే, ఒక కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకోండి.

* బయలుదేరే ముందురోజు పిల్లల గ్లోబు తీసుకుని మీ దారి మీరే దారంతో చూసుకోండి. దాని కింద ఉన్న నాలుగు దేశాల పేర్లు గుర్తుపెట్టుకోండి. రాత్రి మెలకువ వచ్చి తెరమీద విమానం మంచు మీద కనిపించినప్పుడు, సరిగ్గా ఉండాల్సిన చోటే ఉన్నామని మీకు తెలుస్తుంది.

మీ ఇంట్లో చదువుకునే ఆడపిల్ల ఉంటే గోడకు పటంతో పాటు బల్ల మీద ఒక గ్లోబు కూడా కొనిపెట్టండి. పటం తప్పని కాదు. కానీ దూరం చూపించాలంటే గుండ్రటిదే చూపించాలి. ఆ గ్లోబు తిప్పుతూ పెరిగిన పిల్లల్లో ఒకరు రేపు ఆ దారిలో విమానం నడపవచ్చు. ఆ రోజు వెనక సీట్లో కూర్చున్న తల్లి దండకం చదువుకోనక్కర్లేదు. హాయిగా కిటికీలోంచి మంచును చూస్తూ పోవచ్చు.